అంగుళానికో అంతస్తు

మా వీరభద్రపట్నం నడిబొడ్డున ఇరవై ఒక్క అంతస్తుల మేడ ఉంది. నమ్మనివాళ్లు వచ్చి లెక్కపెట్టుకోవచ్చు. పై అంతస్తు కిటికీ తీస్తే అరవై మైళ్ల అవతల సముద్రంలో, పడవ మీద మనిషి బీడీ ముట్టించుకోవడం కనిపిస్తుంది. కొంగలు దాన్ని ఎగిరి దాటలేక మార్కెట్టు వీధి మీదుగా చుట్టు తిరిగి పోతాయి. ఇంత మేడ చుట్టుపక్కల ఏడు జిల్లాల్లో లేదు.

ఆ మేడను అంత ఎత్తు లేపింది ఇంజనీర్లూ కాదు, కాంట్రాక్టరూ కాదు. దాని ఎదురుగా టీ కాచుకునే దాలినాయుడు.

దాలినాయుడు పొడగరి. బస్సెక్కితే మెడ వంచుకుని నిలబడే రకం. అందుకే ఇరవై ఏళ్ల కిందట పాత బస్టాండు పక్కన టీ బడ్డీ పెట్టుకున్నప్పుడు, వడ్రంగి ఎంత గొణిగినా వినకుండా నేల నుంచి పైరేకు దాకా నిక్కచ్చిగా ఏడడుగులు చేయించుకున్నాడు. బతుకులో ఒక్కచోటైనా నిటారుగా నిలబడాలని అతని కోరిక. తరవాత బస్టాండు ఊరి బయటికి పోయింది, బస్సులు పోయాయి, ప్రయాణికులు పోయారు. బడ్డీ మిగిలింది. ఖాళీ అయిన జాగాలో 'మహోన్నత వాణిజ్య శిఖరం' పేరుతో ఇరవై ఒక్క అంతస్తులు కడతామని ప్రభుత్వం బోర్డు పాతింది. బోర్డు పాతిన వారానికి బడ్డీ తీసేయమని నోటీసు వచ్చింది.

సోమవారం పొద్దున కార్యనిర్వాహక ఇంజనీరు ఫణిభూషణరావు గారు ప్రొక్లెయినుతో సహా వచ్చారు. ఆయనకు మామూలు మాటలు రావు. ఇంట్లో చారు కావాలన్నా "ఇందుమూలముగా" అంటారని వాళ్ల వంటమనిషి చెప్పేది.

"అక్రమ కట్టడముల తొలగింపు నిమిత్తము, సదరు బడ్డీని తక్షణమే నేలమట్టము గావించవలసిందిగా..." అని కాగితం చదవడం మొదలెట్టారు.

"బాబూ, పాలు పొయ్యి మీదున్నాయి," అన్నాడు దాలినాయుడు. "పొంగీదాకా ఆగండి. పొయ్యి మీద పాలుండగా కొట్టు కొట్టీడం మంచిది కాదు. తవరూ ఓ టీ పుచ్చుకోండి."

ఇరవై ఏళ్లుగా పాలు కాస్తున్న మనిషి. తలుచుకుంటే పాలు ఎంతసేపటికి పొంగాలో అతనే నిర్ణయిస్తాడు. ఫణిభూషణరావు గారు టీ తాగారు. ప్రొక్లెయిను డ్రైవరు రెండు తాగాడు. ఈలోగా పది కొట్టింది.

పది కొట్టగానే ఎదురుగా స్తంభం మీద బిగించిన కెమెరా కన్ను తెరిచి, ఫోటో తీసి, కన్ను మూసింది. దాని పేరు 'ప్రగతి నేత్రం'. రాజధానిలో కూర్చుని రాష్ట్రంలోని కట్టడాలన్నీ ఎంత లేచాయో కొలవడానికి అప్పుడే కొత్తగా పెట్టారు. ప్రతి సోమవారం పదింటికి దానంతట అదే ఫోటో తీస్తుంది. సీలు వేసిన పెట్టె. ఎవరూ ముట్టకూడదు.

ఐదు నిమిషాల్లో రాజధాని నుంచి ఫోను వచ్చింది. ఫణిభూషణరావు గారు విన్నారు. విన్నకొద్దీ ఆయన నిలబడ్డ తీరు మారిపోయింది.

"ఏటి బాబూ?" అన్నాడు దాలినాయుడు.

"ప్రగతి నేత్రము తన ప్రథమ వీక్షణమున నీ బడ్డీని ప్రామాణిక వస్తువుగా స్వీకరించినది."

"అంటే తీసీస్తారా?"

"తీసిన యెడల మేడకు కొలత ఉండదు. ఇకపై దీనిని కదిలించుట శిక్షార్హము."

విషయం ఇదీ. ఆ కెమెరాకు ఒక్కటే ముక్క నేర్పారు. మొదటి ఫోటోలో ముందు కనిపించిన వస్తువు ఎత్తు ఎంతో అడిగి రాసుకుంటుంది. ఆ పైన మేడ దానికి ఎన్నింతలుందో చూస్తుంది. బడ్డీ ఏడడుగులు. మేడ బడ్డీకి ఆరింతలుంటే నలభై రెండడుగులు, అంటే నాలుగంతస్తులు. అంతవరకే దాని చదువు.

అలా బడ్డీ బతికింది. చుట్టూ ఇనప రెయిలింగు వేసి, 'ప్రామాణిక వస్తువు, ముట్టరాదు' అని బోర్డు తగిలించారు. రోజూ తడిగుడ్డ పెట్టి బడ్డీ తుడిచే దాలినాయుడు భార్య పైడమ్మ ఆ బోర్డు చదివించుకుని, మొగుణ్ని ఎగాదిగా చూసింది.

"ముట్టకుండా టీ ఎలా ఇస్తావు?"

"రెయిలింగు మీంచి అందిస్తాను. ఓలె, మనం ఇప్పుడు గవర్నమెంటోళ్లవేనే."

"జీతం లేని గవర్నమెంటు," అంది పైడమ్మ, గ్లాసులు కడుగుతూ.

పది నెలల్లో మేడ నాలుగంతస్తులు లేచింది. మేస్త్రీ బోడెయ్య, అతని కింద కూలీలు పొద్దున్నే టీ తాగి పైకెక్కేవాళ్లు. ఒకరోజు కాంట్రాక్టరు లారీలు తెచ్చి క్రేనూ, మిక్సర్లూ ఎత్తుకుపోయాడు. ఇంకో పట్నంలో ఇంకో శిఖరానికి శంకుస్థాపన ఉందట. ఖాళీ జాగాలో మంత్రులకు ఫోటోలు బాగా రావని, యంత్రాలు కనబడాలని అడిగారట. వారంలో తెచ్చేస్తానన్నాడు. బోడెయ్య కూలీలు ఆ మాట నమ్మి నాలుగో అంతస్తులోనే కాపురాలు పెట్టి, అటకలు కట్టుకుని, కోళ్లు పెంచుకున్నారు.

ఇరవై ఒక్క అంతస్తులు అని మొదట్లో అన్నాను. అది కాగితం మీది మాట. కంటితో చూస్తే నాలుగు. కొంగల సంగతి అటుంచి, పిచ్చికలు కూడా దాన్ని లెక్కచెయ్యకుండా పై నుంచి పోతాయి. సముద్రమా? నాలుగో అంతస్తు మీద మునివేళ్ల మీద నిలబడితే ఎదురింటివాళ్లు ఆరబెట్టిన వడియాలు కనిపిస్తాయి. అవి మాత్రం చాలా స్పష్టంగా కనిపిస్తాయి.

పని ఆగిన మూడో వారం పెద్దవాన పడింది. బడ్డీ కాళ్ల కింద మట్టి మెత్తబడి, బడ్డీ అరడుగు దిగిపోయింది. దాలినాయుడు దిగులుపడ్డాడు. మర్నాడు సోమవారం. నేత్రం ఫోటో తీసింది. బుధవారానికి రాజధాని నుంచి ఫణిభూషణరావు గారి పేర పొగడ్తల ఉత్తరం వచ్చింది: ఎడతెరిపి లేని వర్షంలో సైతం కట్టడాన్ని మూడడుగులు పెంచిన మీ కార్యదీక్ష ప్రశంసనీయం.

ఆయన ఉత్తరం జేబులో పెట్టుకుని వచ్చి మేడ చుట్టూ మూడుసార్లు తిరిగారు. పెరిగిన మూడడుగులు ఎక్కడా దొరకలేదు. తిరిగి తిరిగి బడ్డీ దగ్గర ఆగారు. టేపు తెప్పించి కొలిచారు. ఆరున్నర అడుగులు.

"నాయుడూ, నీ బడ్డీ ఎందుకు కుదించుకున్నది?"

"కుదించుకోలేదు బాబూ. దిగబడిపోనాది. బురద కదా."

ఫణిభూషణరావు గారు బడ్డీకేసి చూశారు. మేడకేసి చూశారు. మళ్లీ బడ్డీకేసి చూశారు. న్యాయంగా చెప్పాలంటే ఆయన బుర్ర తక్కువది కాదు. కాకపోతే అన్నాళ్లుగా దానికి పని తగల్లేదు.

ఆ శుక్రవారం ఉత్తర్వు వచ్చింది. 'ప్రామాణిక వస్తు నిమ్నీకరణ పథకము'. తెలుగులో చెప్పాలంటే, బడ్డీ కింద గొయ్యి తవ్వాలి.

"దేనికి బాబూ గొయ్యి?" అన్నాడు దాలినాయుడు.

"మేడ పెరుగుటకు."

"మేడ పెరగాలంటే మేడ మీద కట్టాలి గదా?"

"అది పాత పద్ధతి," అన్నారు ఫణిభూషణరావు గారు.

పలుగూ పారా పట్టుకొచ్చింది బోడెయ్య మనుషులే. పని లేక గోళ్లు గిల్లుకుంటున్నవాళ్లు ఉత్సాహంగా తవ్వారు. బడ్డీ నేల పైన మూడున్నర అడుగులు మిగిలేసరికి రాజధానిలో మేడ ఎనిమిది అంతస్తులైంది. అభినందన వచ్చింది. రెండడుగుల నాలుగంగుళాలు మిగిలేసరికి పన్నెండు అంతస్తులు. కొత్త కారు వచ్చింది, ఫణిభూషణరావు గారికి. రోజూ ఆ కారు దిగి, గట్టు మీద నిలబడి తవ్వకాన్ని పర్యవేక్షించేవారు.

"తొలి దశలో అంతస్తుకు ఇంచుమించు అడుగు తవ్వవలసి వచ్చెడిది," అని ఆయన పై అధికారులకు నివేదించారు. "ప్రస్తుతము రెండంగుళములకే అంతస్తు లేచుచున్నది, త్వరలో అంగుళమే చాలును. ఉత్పాదకత గణనీయముగా పెరిగినది."

లెక్క నూటికి నూరుపాళ్లు సరైనదే. రాజధానిలో ఇద్దరు లెక్కల పంతుళ్ల చేత సరిచూయించారు కూడా.

ఇక ఉన్న అంతస్తులు ఊరికే ఉంచుతారా? ఒక్కో ఆఫీసుకీ ఒక్కో అంతస్తు కేటాయించారు. జనన మరణాల నమోదు శాఖకు పదకొండోది వచ్చింది. ఆ శాఖ గుమస్తాలు రోజూ పదింటికి వచ్చి, నాలుగో అంతస్తు మెట్ల చివర కూర్చుని, పైమెట్లు రాగానే పైకి పోదామని సాయంత్రం దాకా చూసి, కోళ్లకు నూకలు వేసి ఇళ్లకు పోయేవాళ్లు. ఒక ముసలమ్మ మొగుడి మరణ ధ్రువపత్రం కోసం వస్తే పదకొండో అంతస్తుకు వెళ్లమన్నారు. ఆవిడ కిందికొచ్చి గోతి గట్టు మీద కూలబడింది.

"పదకొండోది ఎక్కడుంది నాయనా?"

"నా కిందే ఉన్నట్టుందే అప్పా," అన్నాడు గోతిలోంచి దాలినాయుడు. "ఇంకా తవ్వుతున్నారు. టీ తాగు."

మొదట్లో గొయ్యి కూడా సరదాగానే ఉండేది. నేల మీద రేకు, రేకు కింద సందు, సందులోంచి పొగలు కక్కే గ్లాసుతో ఒక చెయ్యి. జనం గట్టు మీద గొంతుక్కూర్చుని పాతాళం టీ అని పేరు పెట్టి తాగారు. కానీ మనిషి లోతుకు పోయేసరికి సరదా తగ్గింది. గోతి నిండా పొగ. అడుగున చెమ్మ. పాలు దించడానికి పైడమ్మ తాడు కట్టాల్సి వచ్చింది. దాలినాయుడికి మోకాళ్లు పట్టేసి, నడుము వంగిపోయింది. బడ్డీ ఇరవై ఒక్క అంగుళాలు మిగిలింది. మేడ పదహారంతస్తులైంది. పొడగరి కాబట్టి మునివేళ్ల మీద లేస్తే అతని కళ్లు ఇంకా నేల మట్టానికి అందుతున్నాయి.

శనివారం ఫణిభూషణరావు గారు వచ్చి, గోతి అంచున చేతిరుమాలు పరుచుకుని కూర్చున్నారు.

"శుభవార్త నాయుడూ. వచ్చే నెల మంత్రివర్యులచే ప్రారంభోత్సవము. ఇరవై ఒకటి పూర్తి కావలెను. ఇంకను ఐదు అంగుళములే."

"ఐదంగుళాలు దిగితే మనుసుల మొకాలు అగుపడవు బాబూ," అన్నాడు దాలినాయుడు. "చెప్పులే అగుపడతాయి. చెప్పుల్ని సూసి ఎవులికి చక్కెర తక్కువో, ఎవులు నిన్నటి నుంచీ తిండి తినలేదో నాకెలా తెలుస్తాది? ఆపైన పొయ్యికి గాలాడదు. గాలాడకపోతే మంట నిలబడదు. మంట లేకపోతే నాను గోతిలో కూకుని ఏటి సెయ్యాలి?"

"నీవు ప్రామాణిక వస్తువులో అంతర్భాగము. నిశ్చలముగా ఉండుటయే నీ విధి."

"పోనీ నన్ను తీసీయండి. నోటీసిచ్చినారు కదా ఒకప్పుడు. ఆ కాగితం ఇంకా దాసుకున్నాను. బడ్డీ ఎత్తుకుని ఇంకో మూలకి పోతాను."

"నీవు పోయిన మేడ పోవును," అన్నారు ఫణిభూషణరావు గారు లేచి రుమాలు దులుపుకుంటూ. "విన్నపమున్న యెడల లిఖితపూర్వకముగా సమర్పించుము. పద్నాలుగో అంతస్తులో స్వీకరించెదరు."

పైడమ్మ ఇదంతా గట్టు మీద నిలబడి విన్నది. కారు కదిలేదాకా ఆగి, గోతిలోకి వంగింది.

"ఏవయ్యో, నువ్వు మనిసివా, మేకువా? దిగ్గొడతంటే దిగిపోతన్నావు."

దాలినాయుడు తువ్వాలు మూతికి చుట్టుకుని పొయ్యి ఎగదోశాడు. మాట్లాడితే పొగ గొంతులోకి పోతుంది.

ఆదివారం కుంభవృష్టి. మురిక్కాలవ పొంగి తిన్నగా గోతిలోకి మళ్లింది. సోమవారం తెల్లారి వచ్చి చూసేసరికి పొయ్యి మునిగి, డబ్బాలు తేలుతున్నాయి. పైడమ్మ చీర చెంగు బిగించి నాలుగో అంతస్తుకేసి నోరెత్తి పిలిచింది. బోడెయ్యా, అతని మనుషులూ తాళ్లు పట్టుకుని దిగొచ్చారు.

"మేస్త్రీ, కదిలిస్తే శిచ్చంటన్నారు మరి," అన్నాడు దాలినాయుడు మోకాలి లోతు నీళ్లలో నిలబడి.

"ముంచీసినందుకు ఎవులికి శిచ్చ?" అన్నాడు బోడెయ్య. "తవ్వినోళ్లవి మేవే. తీసీదీ మేవే. పట్టండ్రా!"

తొమ్మిదింటికి బడ్డీ గోతిలోంచి లేచింది. పక్కన గట్టి నేల మీద, ఇరవై ఏళ్ల కిందట నిలబడినట్టే ఏడడుగులూ నిలబడింది. దాలినాయుడు లోపలికి పోయి మెల్లిగా నడుము విప్పుకున్నాడు. పూర్తిగా నిలబడడానికి అతనికి పావుగంట పట్టింది. పొయ్యి ఆరబెట్టి, పాలు పెట్టాడు. పాలు పొంగుతుండగా పది కొట్టింది. స్తంభం మీద నేత్రం కన్ను తెరిచి, మూసింది.

రాజధానిలో గంటలు మోగాయి. వీరభద్రపట్నంలో పదహారంతస్తుల మేడ ఒక్క వారంలో నాలుగంతస్తులైంది. పన్నెండు అంతస్తులు కూలిపోయాయి!

పదకొండింటికల్లా అంబులెన్సులు, ఫైరింజన్లు, కుక్కలను పట్టుకున్న రక్షకదళం దిగాయి. కుక్కలు జాగా అంతా వాసన చూసి, నాలుగో అంతస్తు ఎక్కి ఒక కోడిని పట్టుకొచ్చాయి. ఫణిభూషణరావు గారు చెమటలు కక్కుతూ చేరుకునేసరికి ఫోను మోగుతూనే ఉంది.

"ఎంతమంది పోయారు?" అని పైవారు.

ఆయన ముందు రెండు దారులున్నాయి. పన్నెండు అంతస్తులు అసలు కట్టలేదని ఒప్పుకోవడం. లేదా కట్టినవి కూలాయని ఒప్పుకోవడం. కట్టకపోతే ఒక్కరే బాధ్యులు. కూలితే వాన బాధ్యత, ఇసుక బాధ్యత, ఇనుము బాధ్యత, భూమి బాధ్యత.

"ప్రాణనష్టము శూన్యము," అన్నారు.

"పన్నెండు అంతస్తులు కూలితే ఒక్కరికీ గీత పడలేదా? ఎంత ముందుచూపయ్యా నీది!"

ముగ్గురు సభ్యుల విచారణ సంఘం వచ్చింది. శిథిలాలు ఎక్కడా కనబడలేదు. ఒక్క ఉదయంలో అన్ని శిథిలాలూ ఎత్తించిన స్థానిక యంత్రాంగం చురుకుదనాన్ని మెచ్చుకుంటూ మొదటి పేరా రాసుకున్నారు. తరవాత కారణం వెతికారు. పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన పెట్టి చూశారు. బడ్డీ లేచింది, మేడ పడింది. దాలినాయుణ్ని పిలిపించారు.

"పన్నెండు అంతస్తులను ఏ విధముగా కూల్చితివి?" అన్నాడు సంఘం పెద్ద.

"నానేటీ కూల్చలేదు బాబూ. పొయ్యి తడిసిపోతే బడ్డీ పైకి తీసినాను."

"తీసిన తక్షణము కూలినదా?"

"ఆ మేడ లేచినకాడ్నుంచీ ఎప్పుడూ నాలుగే బాబూ. ఎల్లి లెక్కెట్టండి. కిటికీలోంచి అగుపడతన్నాది."

సంఘం పెద్ద కిటికీకేసి చూడలేదు. విచారణాంశాల్లో కిటికీ లేదు.

"సాక్షి స్వయముగా అంగీకరించుచున్నాడు, కూలిన పిమ్మట నాలుగే మిగిలెనని," అని రాయించాడు.

తీర్పు ఖాయమనుకుని పైడమ్మ బడ్డీలో గ్లాసులు మూటగట్టింది. బడ్డీని ముక్కలు చేస్తారా, మొగుణ్ని జైల్లో పెడతారా, రెండూ చేస్తారా అన్నదే ఆవిడకు తెలియనిది. బోడెయ్యను పంపి కనుక్కుంది. అతనికీ తెలియలేదు.

సంఘం మూడు రోజులు తర్జనభర్జన పడింది. బడ్డీని తీసేస్తే? నేత్రానికి కొలత పోయి, ఉన్న నాలుగూ పోతాయి. మళ్లీ దించితే? కూలిన మేడ వారంలో తిరిగి లేస్తే శాసనసభలో ప్రశ్న వస్తుంది. ఇంకా ఎత్తితే? మిగిలినవీ కూలతాయి. అంచేత ముగ్గురూ ఏకగ్రీవంగా తీర్మానించారు: అంతటి విధ్వంసక శక్తి గల బడ్డీని అంగుళమైనా దించరాదు, అంగుళమైనా ఎత్తరాదు, ఇంచుకైనా కదల్చరాదు. ఏడడుగుల ఎత్తున, కాళ్లకు కాంక్రీటు పోసి, శాశ్వతంగా నిలపవలెను. లోపల ఒక మనిషి నిటారుగా నిలబడి ఉండవలెను, వంగినచో కొలత మారు ప్రమాదము గలదు.

మిగతా పదిహేడంతస్తుల కోసం రాని సిమెంటు ఆ నాలుగు కాళ్ల కోసం మర్నాడే వచ్చింది. బోడెయ్య మనుషులు పోశారు. ఆ జాగాలో పునాది నుంచి పైకప్పు దాకా పూర్తయి, కొలతలు సరిపోయి, పూర్తయినట్టు ధ్రువపత్రం పొందిన కట్టడం అదొక్కటే. మంత్రిగారి తేదీ మార్చడానికి వీల్లేదు. ఏదో ఒకటి ప్రారంభించాలి. దాన్నే ప్రారంభించారు.

షామియానా వేశారు. బడ్డీకి మామిడాకులు కట్టారు. 'మహోన్నత వాణిజ్య శిఖరము, మొదటి దశ సంపూర్ణము' అని చెక్కిన నల్లరాతి ఫలకం దాలినాయుడు బిస్కెట్టు సీసాలు పెట్టుకునే చోట బిగించారు. మంత్రిగారు రిబ్బను కత్తిరించి, ఇంతటి కట్టడం తన హయాంలో పూర్తి కావడం తన అదృష్టమన్నారు. జనం చప్పట్లు కొట్టారు. పైడమ్మ మూట విప్పి గ్లాసులు బల్ల మీద పేర్చింది. దాలినాయుడు ఉత్తర్వు ప్రకారం నిటారుగా నిలబడి పాలు పొయ్యి మీద పెట్టాడు.

సభ ముగిశాక ఫణిభూషణరావు గారు ఒక్కరే బడ్డీ దగ్గరికి వచ్చారు. ఆయనకు అప్పటికే పదోన్నతి వచ్చింది. శాశ్వత అనుమతి పత్రాన్ని దాలినాయుడి చేతిలో పెట్టారు. గొయ్యి పూడ్చిన చోటికేసి చూశారు. "తప్పు జరిగిపోయింది నాయుడూ," అని, సిగ్గుతో తల వంచుకున్నారు.

ఈ కథలో గొయ్యి నిజం, కోడి నిజం, కట్టని అంతస్తులు కూలడం నిజం, ఫలకం నిజం. ఆయన తప్పు ఒప్పుకుని తల వంచుకున్నారన్నది ఒక్కటే నేను కల్పించింది.